నేలచూపుల చేపలు

ఇంట్లో గాజు తొట్టి పెట్టుకుని చేపలు పెంచేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మాది మర్రిగూడ మండలం. పుట్టిన దగ్గర్నుంచీ తాగే నీళ్ల కోసం బిందె పట్టుకుని తిరిగిన మనిషికి, నీళ్లను గాజు పెట్టెలో పోసి, దానికి దీపం పెట్టి, ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం కడుపు నిండిన వాళ్ల వేషంలాగే కనబడుతుంది. నల్లగొండలో మా హెడ్మాస్టరు గారింట్లో అలాంటి తొట్టి చూసి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడవునా తోటి టీచరు దగ్గర ఆయన్ను ఆడిపోసుకున్నాను. అంత నోరు పెట్టుకున్నదాన్ని, మూడేళ్లు తిరగకుండానే అదే పిచ్చిలో పీకల్దాకా మునిగాను. ఆ పిచ్చిలో చెయ్యకూడని పని ఒకటి చేశాను. దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా బాపు బావులు తవ్వే కూలి. మాకు గుంటెడు భూమి లేదు. ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో వేరేవాళ్ల పొలాల్లో ఆయన దిగని బావి లేదు. నీళ్లు పడగానే మొదటి దోసిలి తవ్వినవాడు తాగడం అలవాటు. బాపు ఆ నీళ్లను నోట్లో పుక్కిట పట్టి, కాసేపు ఉంచి, ఉప్పా చప్పా చౌడా చెప్పేవాడు. తర్వాత బావులు ఎండిపోయి బోర్లు వచ్చాయి. బోర్లు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడు అంత పైకి వచ్చింది. మా అమ్మ నడుము పట్టేసి మంచాన పడి, ఆ మంచంలోనే చనిపోయింది. నా పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. రెండు సంబంధాల వాళ్లు వచ్చి, ముఖం కాకుండా నోట్లోకి చూసి వెళ్లిపోయారు. మూడో సంబంధాన్ని గడప దాకా నేనే రానివ్వలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాదే నాకు మా ఊరి పక్క బడికి బదిలీ అయింది. అప్పటికి బాపు మెడ, వెన్ను పూర్తిగా బిగుసుకుపోయాయి. నడుము దగ్గర వంగిపోయి, తల ముందుకు వాలి, అలాగే గట్టిపడిపోయాడు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పైకి చూడటం అనేదే లేదు. వెల్లకిలా పడుకోలేడు. ఎవరైనా పలకరించడానికి వస్తే చెప్పులు చూసి మనిషిని గుర్తుపట్టేవాడు. పొద్దున్నే వరండాలో ముక్కాలి పీట మీద కూర్చుంటే సాయంత్రం దాకా ఆయన ముందున్నది రెండు గజాల గచ్చు. నేను బడి నుంచి వచ్చేసరికి అలాగే ఉండేవాడు. మనిషికి మాట్లాడటం తప్ప వేరే పని లేకుండా పోయింది, మాట్లాడేందుకు పగలంతా మనిషి లేకుండా పోయింది. టీవీని తెచ్చి నేల మీద పెట్టాను. తెర వెలుగుకు కళ్లు మండుతున్నాయని రెండు రోజులకే వద్దన్నాడు.

ఆ ఎండాకాలం నల్లగొండలో టీచర్లకు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక బస్టాండు దగ్గర ఒక చేపల దుకాణంలోకి దూరాను. కొనడానికి కాదు, లోపల చల్లగా ఉంటుందని. దుకాణాయన నడివయసు ముస్లిం, గడ్డానికి గోరింటాకు రంగు. ఎర్రవి, బంగారు రంగువి, తోకలు చీరకొంగుల్లా ఊపుకుంటూ తిరిగేవి అన్నీ చూపించాడు. నా చూపు కింది వరసలో ఒక తొట్టి అడుగుకు పోయింది. వేలెడంత చేపలు ఐదారు, మట్టి రంగు, ఒంటి మీద నల్లచుక్కలు. మూతి దగ్గర చిన్న చిన్న మీసాలు. అవి పైకి చూడటం లేదు, ఎదురుగా కూడా చూడటం లేదు. మూతులు ఇసుకలో పెట్టి వెతుక్కుంటూ నేలంతా తిరుగుతున్నాయి.

"గవి చూసేటియి గావు మేడమ్. తొట్టి సాఫ్ జేసేటియి. కింద పడ్డ కచ్రా తింటయి" అన్నాడాయన.

"నాకు గవ్వే కావాలె."

"రంగు లేదు, రూపు లేదు. గవి తీస్కపోయి ఏం జేస్తరు?"

"మా బాపు సూస్తడు" అన్నాను.

కోరిడోరస్ అన్న పేరు ఆయన చెబితే అట్ట ముక్క మీద రాసుకున్నాను. నాలుగు చేపలు, ఒక చిన్న తొట్టి, గాలి మోటారు తీసుకున్నాను. బస్సులో చేపల సంచిని ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని ఇంటికొచ్చాను. దుకాణాయన గట్టిగా చెప్పింది ఒకటే. గులకరాళ్లు వేస్తే వాటి మీసాలు అరిగిపోతాయి, సన్నటి ఇసుకే వెయ్యాలి. వాగులో ఇసుక జల్లించి, పది నీళ్లు కడిగి పరిచాను. తొట్టిని బల్ల మీద కాదు, వరండా గచ్చు మీద, బాపు పీట ముందు పెట్టాను.

"ఏందే గివి? జెల్ల పిల్లలా? కూరొండుతవా?" అన్నాడు బాపు.

"కూరకు గాదు. సూసుకో."

"ఏం సూడాలె?"

అన్నాడే గాని ఆ సాయంత్రం అన్నానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు. ఈ చేపలకు ఒక అలవాటుంది. కంటిని గిర్రున కిందికి తిప్పి మళ్లీ పైకి తెస్తాయి, చూసేవాళ్లకు కన్నుకొట్టినట్టే ఉంటుంది. బాపు అది చూసి, "అరె, ముసలోన్ని సూసి కన్నుగొడ్తాందే దీనమ్మ!" అని నవ్వాడు. ఆయన నవ్వితే వెన్ను నొస్తుంది. అందుకే నవ్వడం మానేసి చాలా ఏళ్లయింది. నొప్పికి మూలుగుతూ కూడా నవ్వాడు. ఉన్నట్టుండి ఒక చేప నేల మీంచి రివ్వున పైకి పోయి, నీటి మీద గుటకేసి, అంతే వేగంగా కిందికి వచ్చింది. నేను భయపడ్డాను. బాపు భయపడలేదు.

"గాలికి పోయింది. బావిల దిగినోడు గూడ గంతే. జరసేపైనంక పైకి రావల్సిందే."

దుకాణాయన్ను ఫోన్లో అడిగితే అదే చెప్పాడు. ఈ జాతి చేపలు గాలిని కూడా మింగి బతుకుతాయట. బాపు చదువుకోకుండా చెప్పిన దానికి నేను ఫోను చేసి రుజువు తెచ్చుకున్నాను.

తర్వాత ఏమైందంటే, చేపలు బాపువి కాకుండా పోయి నావయ్యాయి. నాలుగు ఎనిమిదయ్యాయి. రెండో తొట్టి వచ్చింది, మూడోది వచ్చింది. చుక్కలవి, రాగి రంగువి, వెన్ను మీద నల్లచారలవి. దుకాణాయన కొత్త రకం తెప్పించగానే ఫోటో పంపేవాడు, నేను ఆదివారం చర్చి ఎగ్గొట్టి బస్సెక్కేదాన్ని. బడిలో పిల్లలకు ఎక్కాలు రాయమని చెప్పి, ఫోన్లో ఎవరో ఎక్కడో పెంచుతున్న చేపల వీడియోలు చూసేదాన్ని. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా తొట్ల దగ్గరికి పోయేదాన్ని. "తిన్నవా బాపూ" అని అడిగేదాన్ని, జవాబు వినకముందే చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టేదాన్ని. మా ఇంట్లోకి చాలా ఏళ్ల తర్వాత వచ్చిన సంతోషం అది. అందుకే అది రోగమని పోల్చుకోలేకపోయాను.

మొదటి దెబ్బ రెండో ఏడు తగిలింది. చుక్కల చేపల్లో ఒకటి సరిగా ఈదడం లేదు. ఒంటరిగా మూలన ఉంటోంది. దగ్గరికి పోయి చూస్తే దాని వెన్ను వంగిపోయి ఉంది. తోక ఒక పక్కకు, తల కిందికి. తొట్టి పక్కనే పీట మీద బాపు అదే వంపులో కూర్చుని ఉన్నాడు. ఇంకొకరెవరైనా అయితే చేపకు జబ్బు చేసిందనుకుంటారు. మర్రిగూడ మండలంలో పుట్టిన నాకు ఇంకో కారణం తోచదు. బోరు నీళ్లే అనుకున్నాను. మా అమ్మను, మా బాపును, నా పళ్లను తిన్న నీళ్లలోనే తీసుకొచ్చి వీటిని పెట్టానే అని నన్ను నేను తిట్టుకున్నాను. నాలుగు రోజులకు ఆ చేప చచ్చిపోయింది. ఇక నా చేపలు ఒక్క చుక్క బోరు నీళ్లలో కూడా ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మా ఊళ్లో అప్పటికి నీళ్ల ప్లాంటు ఉంది. బోరు నీళ్లనే మిషనులో వడగట్టి క్యాన్లలో పడతారు. వాటిని మేం మంచినీళ్లంటాం. తక్కినవన్నీ వాడుకునే నీళ్లు. రెండు క్యాన్లు స్కూటీ ముందు, వెనక పెట్టుకుని తెచ్చేదాన్ని. ఒకటి మా ఇద్దరికి తాగడానికి, వండుకోవడానికి, ఒకటి చేపలకు. వారం వారం తొట్టిలోంచి కొన్ని పాత నీళ్లు తీసి, ఆ మేరకు క్యాను నీళ్లు పోసేదాన్ని. పోసిన రెండో వారానికే అద్దం మీద గుడ్లు పెట్టాయి. తెల్లగా, గసగసాలకంటే కొంచెం పెద్దగా, వరసగా అంటించినట్టు. మొదట చూసింది బాపే. "ఓ పిల్లా, ఇటు రావే, గింజలు అతికించిందే!" అని కేక పెట్టాడు. మంచినీళ్ల మహిమ అనుకున్నాను. నా నమ్మకం గట్టిపడిపోయింది.

అంతలో ఎండాకాలం ముదిరింది. ప్లాంటుకు నీళ్లిచ్చే బోరు సన్నబడింది. కరెంటు ఉన్నప్పుడే మిషను, లైను బజారు దాకా. ఇంటికి ఒక్క క్యానే ఇస్తామన్నారు. అదీ రోజు విడిచి రోజు. క్యాను తెచ్చి వంటింట్లో దించాను. ఒకవైపు బాపు తాగే స్టీలు బిందె అడుగంటింది. ఇంకోవైపు మూడు తొట్లలో ఎండకు నీళ్లు జానెడు తగ్గాయి. మొన్ననే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు, కంటికి ఆనీ ఆననట్టు, ఇసుక మీద కదులుతున్నాయి.

నేను బిందె తీసుకుని పెరట్లోకి పోయి, బోరు కింద పెట్టి నింపాను.

ఈ ఒక్క రోజుకే అనుకున్నాను. అది మొదటి అబద్ధం. రెండో ఆలోచన అంతకన్నా నీచమైనది. దాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. బాపుకు ఇక చెడటానికి ఏం మిగిలింది అనుకున్నాను. డెబ్భై ఏళ్లు ఈ నేల నీళ్లే తాగాడు, వంగాల్సినదంతా వంగాడు, కొత్తగా ఇంకో బిందె తాగితే వచ్చే నష్టం ఏమిటనుకున్నాను. చేప పిల్లలకైతే ముందు బతుకుంది. ఇదంతా బిందె నిండేలోపే అనుకున్నాను. బరువైన పని చేసినట్టు కూడా అనిపించలేదు. బిందె మీద మూత పెట్టి, గ్లాసు బోర్లించి, క్యాను ఎత్తుకుని వరండాలోకి పోయాను.

ఆ ఒక్క రోజు రెండు నెలలైంది. వానలు పడి ప్లాంటులో మళ్లీ రెండు క్యాన్లు ఇవ్వడం మొదలుపెట్టినా నేను మానలేదు. రెండూ తొట్లకే పోసేదాన్ని. నా సంగతి అడుగుతారేమో. నేను బడిలో తాగేదాన్ని. కరువని సెలవుల్లో కూడా పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టేవాళ్లం, దానికోసం బడికి రోజూ ప్లాంటు క్యాను వచ్చేది, ఇంటికి వచ్చేటప్పుడు సీసా నింపుకుని వచ్చేదాన్ని. బడి గోడ మీద "బోరు నీరు తాగరాదు" అని నీలం రంగుతో రాయించింది కూడా నేనే. పిల్లల చేత గట్టిగా చదివించేదాన్ని.

బాపు గ్లాసు ముంచుకుని తాగేవాడు, తొట్టి ముందు కూర్చునేవాడు. ఆ రోజుల్లో నేను ఆయన ముఖం చూసిన గుర్తు లేదు. ఆయన ముఖం చూడాలంటే కింద కూర్చుని తలెత్తి చూడాలి. నేను కింద కూర్చునేది చేపల కోసం, చూసేది వాటి వైపు.

ఒక శనివారం బడి ముగించుకుని వచ్చేసరికి బాపు పీట మీద లేడు. కర్ర పక్కన పడేసి, తొట్టి అంచు పట్టుకుని గచ్చు మీద చతికిలబడి ఉన్నాడు. అలా కూర్చుంటే మళ్లీ లేవలేడని ఆయనకు తెలుసు. "బిడ్డా, గివి లేస్తలేవు" అన్నాడు. పెద్ద తొట్టిలో చేపలన్నీ పక్కకు ఒరిగి ఇసుక మీద పడి ఉన్నాయి. మీసాలు తెల్లబడ్డాయి. రెండు మాత్రం దవడలు ఆడిస్తున్నాయి. రెండో తొట్టి, మూడో తొట్టి కూడా అంతే. పిల్లలు కనబడలేదు. నేను చేతులు నీళ్లలో పెట్టి ఒక్కొక్కదాన్నీ నిలబెట్టాలని చూశాను. నిలబడినట్టే నిలబడి ఒరిగిపోయాయి. గట్టిగా ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

దుకాణాయనకు ఫోను చేసి స్పీకరు పెట్టి, తడి చేతులతో పక్కన పెట్టుకున్నాను. ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాడు. మంచినీళ్లే, ఒట్టి మంచినీళ్లే, బోరు నీళ్లు చుక్క కలపలేదని గొప్పగానే చెప్పాను.

"అరె, ఒట్టి ప్లాంటు నీళ్లా? గట్లెట్ల బతుకుతయి మేడమ్? గా నీళ్లల సారం అంత తీసేస్తరు. కొన్ని దినాలు బతికినట్టే ఉంటయి, ఒక్కసారే పులిసిపోతయి నీళ్లు. సగం మీ బోరు నీళ్లు కలపాలె. మంచినీళ్లు మన్షులకు, చేపకు గాదు."

వంగిపోయిన చేప గురించి అడిగాను. అది బోరుతో వచ్చింది కాదని, అలాంటివి వందలో ఒకటి ఎక్కడైనా వస్తుందని చెప్పాడు. నేను ఫోను పెట్టేశాను. ఎవరికి ఏ నీళ్లు కావాలో ఆ నీళ్లు ఇంట్లోనే ఉన్నాయి. నేనే అటువి ఇటు, ఇటువి అటు పోశాను. నెలల తరబడి, చేతులు నొప్పులు పుట్టేలా మోసి మరీ పోశాను.

బాపు అంతా విన్నాడు. ఆయన్ను చంకల కింద పట్టుకుని లేపి పీట మీద కూర్చోబెట్టాను. అప్పుడు ఆయన కాళ్ల దగ్గర గచ్చు మీద కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం కనిపించింది. చిక్కిపోయాడు. పెదవులు ఎండి ఉన్నాయి.

"బాపూ, రెండు నెలల సంది నువ్వు తాగుతున్నయి బోరు నీళ్లు" అన్నాను.

"ఎర్కే."

"ఎప్పటి సంది ఎర్క?"

"నువ్వు పోసిన పొద్దుగాలనే. నీళ్ల పని జేసినోన్ని, నా నాలికెకు తెల్వదా?"

"మరి ఎందుకు సెప్పలే? నన్ను ఎందుకు తిట్టలే?"

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తొట్టి వైపు చూస్తున్నాడు. దాంట్లో చూడటానికి ఏమీ లేదు.

"సెప్తె చేపలను దీసేస్తవు గదనే" అన్నాడు. "పదేండ్ల సంది నేలనే సూస్తున్న బిడ్డా. నేల కదలదు."

ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. నేను దొంగతనంగా ఇచ్చాననుకున్న నీళ్లను ఆయన తెలిసి తాగాడు, చేపలకు కిరాయి కట్టినట్టు. ఆయన కోసమని మొదలుపెట్టిన దాన్ని ఆయన దగ్గర్నుంచే లాక్కుని, దాని ఖర్చు కూడా ఆయన ఒంటి మీదే వేశాను. క్షమించమని అడగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఎలా అనాలో నాకు రాదు. లేచి బిందె తీసుకుపోయి బోరు నీళ్లు పారబోసి, బడి నుంచి తెచ్చుకున్న నా సీసాలోవి గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చాను. తాగి, "సప్పగున్నయి" అన్నాడు.

మర్నాడు ఆదివారం. మొదటి బస్సుకు నల్లగొండ పోయి చుక్కల చేపలు ఆరు తెచ్చాను. ఒక్క తొట్టే ఉంచాను. సగం బోరు నీళ్లు, సగం ప్లాంటు నీళ్లు. బాపు తాగే బిందెలో ఒట్టి ప్లాంటు నీళ్లు. ఆ చేపలు చావలేదు. బాపు ఇంకో ఏడాది పైన బతికాడు. మా వీధి నల్లాలోకి కృష్ణ నీళ్లు వచ్చేనాటికి ఆయన లేడు.

ఆ ఏడాదంతా ఆయనకు నీళ్లు నా చేత్తోనే ఇచ్చాను. గ్లాసు అందించి పక్కనే నిలబడేదాన్ని. ఇవి ఏ నీళ్లని అడుగుతాడేమో, పుక్కిట పట్టి చూస్తాడేమో అని కాచుకుని ఉండేదాన్ని. ఆయన తొట్టి మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి గ్లాసు అందుకుని, గటగటా తాగి, ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. ఒక్క రోజు కూడా అడగలేదు.